పండగ వంటింట్లో డిజిటల్ కాటా: దసరా నుంచి సంక్రాంతి దాకా వాడి చూసిన మీదట

బరువు తగ్గే ప్రయత్నంలో ఉన్నవారికి మా విజయనగరంలో ఏడాదంతా ఒక ఎత్తు, దసరా నుంచి సంక్రాంతి దాకా ఉండే రోజులు ఒక ఎత్తు. విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, దాని ముందురోజు తొలేళ్లు. ఆ రెండు రోజులూ చుట్టాలు రాని ఇల్లు ఊళ్లో ఉండదు. వచ్చినవాళ్లు వెళ్లీ వెళ్లకముందే దీపావళి మిఠాయిలు, నాగుల చవితికి చిమ్మిలీ చలిమిడీ, కార్తీకంలో వనభోజనాలు, మధ్యలో పెళ్లిళ్లు, ధనుర్మాసంలో గుళ్లో పొంగలి, చివరికి భోగి, సంక్రాంతి, కనుమ, ముక్కనుమ. ఈ కాలమంతటా నాకు అన్నిటికంటే ఎక్కువగా అక్కరకొచ్చిన వస్తువు వంటింటి గట్టు మీద పెట్టుకునే చిన్న డిజిటల్ కాటా. దాని మేలు ఎక్కడుందో, ఎక్కడ లేదో, కొనేవాళ్లు ఏం చూసుకోవాలో వివరంగా రాయాలని ఈ సమీక్ష మొదలుపెట్టాను.

నేను కొన్నది గంటస్తంభం దగ్గర ఒక స్టీలు సామాను దుకాణంలో. వెయ్యి రూపాయల లోపు ధర, 5 కిలోల దాకా తూకం, ఒక్కొక్క గ్రాము చొప్పున మారే అంకెలు, రెండు పెన్సిల్ సెల్లులు. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఈ ధరలో దొరికే కాటాలు దాదాపు అన్నీ ఒకే పద్ధతిలో పనిచేస్తాయి. పైన బరువు పడినప్పుడు లోపల ఉన్న లోహపు పట్టీ కంటికి కనిపించనంత వంగుతుంది. దానికి అతికించిన సన్నని తీగల విద్యుత్ నిరోధం ఆ వంపును బట్టి మారుతుంది. ఆ మార్పునే చిన్న చిప్పు గ్రాములుగా చూపిస్తుంది. అన్నిటికంటే విలువైన సదుపాయం టేర్ బటన్. ఖాళీ గిన్నె పెట్టి దాన్ని నొక్కితే అంకె సున్నాకు వస్తుంది, ఆ తరువాత గిన్నెలో వేసినదాని బరువు మాత్రమే కనిపిస్తుంది.

మా డాక్టరుగారు పరగడుపు షుగరు 100 దాటిందని చెప్పి, బరువు తగ్గమని, నడుము చుట్టుకొలత మీద కన్నేసి ఉంచమని సలహా ఇచ్చారు. మన దేశంలో ఆడవాళ్లకు 80, మగవాళ్లకు 90 సెంటీమీటర్లను వైద్యులు హద్దుగా పెట్టుకున్నారు. మామూలు రోజుల్లో ఆ సలహా పాటించడం కష్టం కాలేదు. పండగల సంగతి వేరు. 2000లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం ఈ విషయంలో నన్ను ఆలోచింపజేసింది. అక్కడ శీతాకాలపు పండగల ముందూ తరువాతా 195 మంది పెద్దవాళ్లను తూచి చూస్తే, పెరిగిన బరువు సగటున 0.37 కిలో మాత్రమే. వినడానికి అది లెక్కలోకి రానంత చిన్నదిగా ఉంటుంది. కానీ ఆ కాస్త బరువు పండగలు వెళ్లిన తరువాత కూడా చాలావరకు తగ్గలేదన్నదే ఆ పరిశోధకులు గమనించిన ముఖ్యమైన సంగతి. ఏటా అంత చొప్పున పేరుకుంటే పదేళ్లకు ఎంతవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. మన పండగల వరుస వాళ్ల పండగల కంటే పొడుగు, మన పిండివంటల్లో బెల్లమూ నూనే తక్కువేమీ కాదు.

ఇక్కడే నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. పండగ నాడు పళ్లెం ముందు కూర్చున్నాక నోరు కట్టుకోవడం చాలామందికి సాధ్యం కాదు, దాన్ని ఎవరి తప్పుగానూ నేను అనుకోను. ఇంటినిండా నెయ్యి వాసన, పక్కన మేనత్త, చేతిలో గరిటె పట్టుకుని అత్తయ్యగారు ఉన్నప్పుడు వద్దనడం మర్యాద కూడా కాదు. ఎంత తినాలన్న నిర్ణయం అంతకు ముందే, పిండి కలిపేటప్పుడూ ఉండ చేసేటప్పుడూ జరిగిపోవాలి. కాటా పనికొచ్చేది ఆ దశలోనే.

అరిసెలనే తీసుకోండి. మా అత్తయ్యగారిది ఆమదాలవలస. కిలో బియ్యం రాత్రి నానబోసి, పొద్దున్నే నీళ్లు వార్చి, తడి ఆరకుండా మరపట్టించి, జల్లించి, ముప్పావు కిలో బెల్లాన్ని ఉండపాకం పట్టి చలిమిడి చేస్తారు. ఆమె చేతి లెక్క తిరుగులేనిది, రుచిలో తేడా ఎప్పుడూ రాలేదు. అయితే ఆమె చేసిన ఉండలను ఒక్కొక్కటిగా కాటా మీద పెట్టి చూస్తే, చలిమిడి వేడిగా ఉన్నప్పుడు చేసినవి 35 గ్రాములు, చల్లారి గట్టిపడుతున్నకొద్దీ చేసినవి 50, 60 గ్రాములు తూగాయి. అంటే "రెండే రెండు అరిసెలు తిన్నాను" అన్న మాటకు ఒక నిలకడైన అర్థం లేదు. రెండు చిన్నవి తిన్నవారికీ రెండు పెద్దవి తిన్నవారికీ మధ్య ఇంచుమించు ఒక అరిసె తేడా ఉంటుంది.

తరువాత నూనె సంగతి చూశాను. మూకుడులో పోయడానికి ముందు నూనె డబ్బాను తూచి, వేయించడం పూర్తయి నూనె బాగా చల్లారాక తిరిగి డబ్బాలోకి వడకట్టి మళ్లీ తూచాను. తేడా సుమారు 250 గ్రాములు. అందులో కొంత గరిటెకూ జల్లెడకూ అంటుకుని ఉండవచ్చు, అయినా ఎక్కువభాగం అరిసెల్లోకే పోయింది. ఇక లెక్క కష్టం కాదు. కిలో బియ్యంలో సుమారు 3,560 కేలరీలు, ముప్పావు కిలో బెల్లంలో 2,650, నూనె గ్రాముకు 9 చొప్పున 2,250, యాభై గ్రాముల నువ్వులు మరో 280. మొత్తం దాదాపు 8,740. యాభై అరిసెలు వచ్చాయి కాబట్టి ఒక్కొక్కటి 175 కేలరీలు. వండిన అన్నం 100 గ్రాములకు సుమారు 130 కేలరీలు ఉంటుంది. అంటే భోజనం చివర వేసుకున్న రెండు అరిసెలు దాదాపు 270 గ్రాముల అన్నంతో సమానం. పప్పూ కూరా పులుసూ పెరుగూ అన్నీ అయ్యాక మళ్లీ ఒక వాయి అన్నం తిన్నట్టే లెక్క. ఈ అంకె తెలిసిన తరువాత నేను అరిసెలు మానలేదు. మానాలని ఎవరికీ చెప్పను కూడా. అరిసె భోజనం తరువాత వచ్చే అదనం కాదని, భోజనంలో భాగమని నిశ్చయించుకుని, అది తినే పూట అన్నం ఒక గరిటె తగ్గించాను.

సంక్రాంతికి ఉండ బరువును 25 గ్రాములకు తగ్గించి అన్నీ ఒకే తూకంగా చేశాం. ఇందులో ఒక మెలిక ఉంది. చిన్న ఉండను పలచగా తడితే దాని బరువుతో పోలిస్తే ఎక్కువ నూనె పీలుస్తుంది, పైగా కరకరలాడి అరిసె రుచి పోతుంది. మందం అలాగే ఉంచి వెడల్పు తగ్గించాలి. అలాగే వేగిన అరిసెను చెక్కల మధ్య గట్టిగా నొక్కినదానికీ నొక్కనిదానికీ కాటా మీద మూడు నాలుగు గ్రాముల తేడా కనిపించింది. ఆ తేడా అంతా నూనె, అరిసెకు సుమారు ముప్పై కేలరీలు. నొక్కే పనిని పిల్లలకో తొందరలో ఉన్నవాళ్లకో అప్పగించకూడదని మా అత్తయ్యగారు ఎప్పటినుంచో అనే మాటలో ఎంత విలువ ఉందో అంకెల్లో చూశాక ఆమె మీద గౌరవం ఇంకా పెరిగింది. మొదట కాటా చూసి "పండగ పూట తిండి తూస్తారేటమ్మా?" అని చిన్నబుచ్చుకున్న ఆమే, ఉండలన్నీ ఒకే తీరుగా వచ్చి ఒకే రంగుకు వేగడం చూసి, "ఇదేదో బాగుందే, సున్నుండలకీ తూద్దాం" అన్నారు.

కనుమ నాటి గారెలు మరో పాఠం చెప్పాయి. కనుమ నాడు మినుము తినాలన్నది మనవైపు పెద్దల మాట, గారె లేని కనుమను మా ఇంట్లో ఊహించలేం. అర కిలో మినప్పప్పుకు నలభై గారెలు వచ్చాయి. పప్పులోంచి వచ్చిన శక్తి సుమారు 1,620 కేలరీలు. డబ్బాలో తగ్గిన నూనె 200 గ్రాములు, అంటే 1,800. గారెలో పప్పు కంటే నూనె వాటా ఎక్కువన్నమాట. పిండి జారుగా ఉంటే, నూనె సరిగా కాగకముందే గారె వేస్తే ఈ వాటా ఇంకా పెరుగుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, రోజుకు 2,000 కేలరీలు తినేవారికి సూచించిన పళ్లెంలో నూనెలూ కొవ్వులూ కలిపి 27 గ్రాములే ఉన్నాయి. ఇక్కడ గారెకు 5 గ్రాముల చొప్పున నాలుగు గారెలతోనే 20 గ్రాములు వచ్చేస్తుంది, పోపులూ నెయ్యీ పులిహోరా ఇంకా మిగిలే ఉంటాయి. ఆ రోజు నాటుకోడి పులుసులోకి గారె ఎంత రుచిగా ఉంటుందో నాకూ తెలుసు. అందుకే పులుసులో నూనెను తూచి సగానికి తగ్గించాను. మసాలా బాగా వేగితే తేడా ఎవరూ కనిపెట్టలేదు. పులిహోర పోపులో కూడా ఇలాగే చేశాను. సీసాలోంచి చూపుమేరకు ఒంపే అలవాటు మానేసి తూచి పోస్తే, కిలో బియ్యం పులిహోరకు నేను ఇన్నాళ్లూ ఎంత ఎక్కువ నూనె వాడుతున్నానో తెలిసింది.

కాటాతో కలిసొచ్చిన మరో పని పంపకం. పిండివంటలు చుట్టుపక్కలవాళ్లకూ ఆడపడుచులకూ పంచడం మన సంప్రదాయంలోనే ఉంది. ఇంట్లో మనిషికి ఎన్ని కావాలో ముందే లెక్కగట్టి, మిగతావి అర కిలో చొప్పున తూచి డబ్బాల్లో సర్ది, మూతల మీద తేదీ, బరువు రాసి, చేసిన రోజు సాయంత్రానికే శ్రీకాకుళంలో వదినకూ, వీధిలో నాలుగిళ్లకూ పంపేశాను. పంపడం ఆలస్యమైతే అవి మన కడుపులోకే పోతాయి. ఇంట్లో మిగిలినవి కళ్లెదుట గాజు సీసాలో కాకుండా పై అరలో స్టీలు డబ్బాలో ఉంటే, అటూ ఇటూ తిరుగుతూ జంతిక ముక్క నోట్లో వేసుకోవడం దానంతటదే తగ్గింది.

ఇక ఈ వస్తువును ఎక్కడ వాడకూడదో గట్టిగా చెప్పాలి. వడ్డన దగ్గరకు కాటాను తేవద్దు. అతిథి ముందు తూచి పెట్టడం అవమానంగా తోస్తుంది. ఎదిగే పిల్లల పళ్లాలు తూచడం మంచిది కాదు. తిండి అంటే భయపడే అలవాటు ఆ వయసులో పడితే వదలడం కష్టం. తిండి గురించి ఇప్పటికే ఎక్కువగా మథనపడేవారు, తినీ తినకా ఒంటిని కష్టపెట్టుకునేవారు దీనికి దూరంగా ఉండి వైద్యుల సలహా తీసుకోవడమే మేలు. రాత్రి విందు ఉందని పొద్దంతా పస్తుండి లెక్క సరిచేయాలనుకోవడం కూడా పనికిరాదు. ఆకలితో విందుకు వెళ్తే చేతికి అదుపు ఉండదు. షుగరు మాత్రలో ఇన్సులినో వాడుతున్నవారికైతే అది ప్రమాదం కూడా. పొద్దున్న ఒక గ్లాసు చోడి (రాగి) అంబలి మజ్జిగతో తాగి, మధ్యాహ్నం కూరలు ఎక్కువగా తిని వెళ్లిన విందుల్లోనే నేను నింపాదిగా, ఇష్టంగా తినగలిగాను.

మనిషిని తూచే కాటా సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి, ఎందుకంటే రెండింటినీ కలిపి చూసి బెంబేలెత్తేవాళ్లు చాలామంది ఉన్నారు. కనుమ మర్నాడు పొద్దున్న ఎక్కి చూస్తే కిలో, కిలోన్నర పెరిగినట్టు కనిపించడం మామూలే. అది కొవ్వు కాదు. పిండిపదార్థాలు శరీరంలో గ్లైకోజెన్‌గా నిల్వ ఉన్నప్పుడు గ్రాముకు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతాయి, ఆవకాయా జంతికల్లోని ఉప్పు మరికొంత నీటిని ఆపుతుంది. కిలో కొవ్వు చేరాలంటే ఒంటికి అవసరమైనదానికి మించి సుమారు 7,700 కేలరీలు తినాలి, అంటే పైన చెప్పిన అరిసెలు నలభై నాలుగు. ఒక్క పండగ రోజున అంత ఎవరూ తినరు. పండగ రోజుల్లో ఆ కాటా జోలికి పోకుండా, మామూలు తిండికి వచ్చిన వారం తరువాత చూసుకుంటే నిజమైన బరువు తెలుస్తుంది. పండగ ఒక్కరోజు తినడం వల్ల కలిగే నష్టం తక్కువ. డబ్బాలు ఖాళీ అయ్యేదాకా రోజూ రెండు మూడు చొప్పున కొనసాగించడమే అసలు నష్టం.

వస్తువులో లోపాలు లేకపోలేదు. రెండు నిమిషాలు కదలిక లేకపోతే దానంతటదే ఆరిపోతుంది, టేర్ చేసిన లెక్క పోతుంది. చేతులకు చలిమిడి అంటుకుని ఉన్నప్పుడు ఇది నిజంగా విసిగిస్తుంది. ఖాళీ గిన్నె బరువును ముందే కాగితం మీద రాసి పెట్టుకోవడం తప్ప దారి లేదు. చలిమిడి కలిపే పెద్ద తపేలా పెడితే దాని అంచు అంకెలను పూర్తిగా కప్పేస్తుంది. అప్పుడు కాటా మీద బోర్లించిన చిన్న గిన్నె పెట్టి టేర్ చేసి, దానిమీద తపేలా పెట్టాను. వేడి పాత్ర నేరుగా పెట్టకూడదు. ప్లాస్టిక్ పాడవుతుంది, లోపలి పట్టీ తప్పు చూపిస్తుంది. 3, 4 గ్రాముల కంటే తక్కువ బరువుల దగ్గర దీన్ని నమ్మలేం, యాలకుల పొడికీ ఉప్పుకూ చెంచాయే నయం. బటన్ల సందుల్లో బియ్యప్పిండి చేరితే పొడి బ్రష్షుతో దులపాలి తప్ప నీళ్లతో కడగకూడదు. నేను పలచని పాలిథిన్ కవరు తొడిగి వాడుతున్నాను. అరిసెల రోజున నూనె చేతులతో నొక్కినా కవరు మార్చుకుంటే సరిపోయింది.

కొన్న రోజునే తూకం సరిగా ఉందో లేదో పరీక్షించుకోవాలి. పది రూపాయల నాణెం బరువు 7.7 గ్రాములు, కాబట్టి పది నాణేలు కలిపి పెడితే 77 గ్రాముల దగ్గర చూపాలి. నీటి కంటే పాలు కాస్త బరువు గనుక అర లీటరు పాల ప్యాకెట్ 515 గ్రాములకు అటూ ఇటూగా తూగాలి, దానికి కవరు బరువు కాస్త కలుస్తుంది. పళ్లెం మధ్యలోనూ నాలుగు మూలల్లోనూ అదే నాణేలు పెట్టి చూడండి. మూలకు జరిపినప్పుడు అంకె రెండు గ్రాములకు మించి మారితే దాన్ని తిరిగి ఇచ్చేయండి. నేను మొదట చూపించమన్న కాటా ఈ పరీక్షలో నిలవలేదు, దుకాణదారు మారుమాట లేకుండా మరొకటి తీసిచ్చారు. ఇవి ఇంటి వాడకానికే. ప్రభుత్వ ముద్ర ఉండదు కాబట్టి వీటితో సరుకు తూచి అమ్మడానికి చట్టం ఒప్పుకోదు. ఇంట్లో పిండివంటలు చేసి అమ్మే ఆడవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

కొనేవారికి నా సలహా ఇది. ఇద్దరు ముగ్గురున్న ఇంటికి 5 కిలోలది చాలు. పండగకు కిలోల లెక్కన వండే ఉమ్మడి కుటుంబాలు 10 కిలోలది తీసుకోవాలి, ఎందుకంటే ఇనుప మూకుడే రెండు మూడు కిలోలుంటుంది, అందులో నూనె పోస్తే చిన్న కాటా మోయలేక తప్పు సంకేతం చూపిస్తుంది. పళ్లెం గాజుదైనా స్టీలుదైనా అంకెల తెర పళ్లెం కిందినుంచి బాగా ముందుకు వచ్చి ఉండాలి, అంకెలు పెద్దవిగా వెలుగుతూ ఉండాలి, పెద్దవాళ్లు కళ్లజోడు లేకుండా చదవగలగాలి. గుండ్రటి బిళ్ల సెల్లులతో నడిచేవాటికంటే పెన్సిల్ సెల్లులతో నడిచేవి మేలు. బిళ్ల సెల్లులు ఊళ్లో అన్ని కొట్లలోనూ దొరకవు, పిల్లలు మింగితే ప్రాణం మీదికొస్తుంది. ఫోనుతో కలిసి కేలరీలు చెప్పే ఖరీదైన రకాల జోలికి నేను పోలేదు, వాటిలో మన చిమ్మిలీ పాకుండలూ ఉంటాయన్న ఆశ కూడా లేదు. కాగితం, పెన్సిలు, పైన చెప్పిన కూడికలు చాలు. ఈసారి రథసప్తమికి అరసవల్లి వెళ్లొచ్చి చేసే పరమాన్నానికి బెల్లం ఎంత తగ్గించినా రుచి నిలుస్తుందో తూచి చూడాలనుకుంటున్నాను. లీటరు పాలకు 150 గ్రాములతో మొదలుపెడతాను.